ట్రాక్ ఒకరిది, లైసెన్సు ఒకరిది: బ్రిటిష్ స్పీడ్‌వే అభిమానుల గోడు వెనక అసలు కథ

2016 సీజన్ ముగిసిన చలికాలంలో ఇంగ్లండ్‌లో రెండు పేరున్న స్పీడ్‌వే (మట్టి ట్రాక్ మీద బైకు పందేల) క్లబ్బులు ఒకేసారి చిక్కుల్లో పడ్డాయి. మాంచెస్టర్‌లో బెల్ వ్యూ ఏసెస్‌ను నడుపుతున్నవాళ్ళు బకాయిలు తీర్చలేక క్లబ్ నడిపే హక్కునే పోగొట్టుకున్నారు. కోవెంట్రీ బీస్ ఇబ్బంది వేరు. 1948 నుంచి ఏటా లీగ్‌లో ఆడుతున్న జట్టు అది. రైడర్లున్నారు, ప్రేక్షకులున్నారు, 2010లో ఛాంపియన్లయిన పేరుంది. లేనిదల్లా ఆడుకోవడానికి చోటు. వాళ్ళు ఆడే బ్రాండన్ స్టేడియం స్థలం అప్పటికే బ్రాండన్ ఎస్టేట్స్ అనే కంపెనీ చేతికి పోయింది, అక్కడ ఇళ్ళు కట్టాలన్నది ఆ కంపెనీ ఆలోచన.

బయటినుంచి చూస్తే బెల్ వ్యూ పని అయిపోయిందనీ, కోవెంట్రీ ఎలాగోలా గట్టెక్కుతుందనీ అనిపిస్తుంది. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. బెల్ వ్యూకి కొత్త ప్రమోటర్లు, అంటే లైసెన్సు తీసుకుని క్లబ్ నడిపేవాళ్ళు, వచ్చారు, 2017లో జట్టు మామూలుగా బరిలోకి దిగింది, 2022లో లీగ్ గెలిచింది. అంతకుముందు ఆ క్లబ్ లీగ్ గెలిచింది 1993లో. కోవెంట్రీ మాత్రం 2016 తర్వాత సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

కారణం ఒక్కటే. బెల్ వ్యూ ఆడేది మాంచెస్టర్ నగర కౌన్సిల్ కట్టించిన నేషనల్ స్పీడ్‌వే స్టేడియంలో. నడిపేవాళ్ళు పోయినా నేల మిగిలింది. కోవెంట్రీలో నేలే పోయింది.

బ్రిటన్‌లో స్పీడ్‌వే అభిమానులు ఎక్కడ కలిసినా మాట చివరికి ప్రమోటర్ మీదకే పోతుంది. డబ్బు పెట్టడు, నిజం చెప్పడు, క్లబ్‌ని సొంత దుకాణంలా చూస్తాడు అని. ఆ కోపంలో న్యాయం ఉంది, దాని సంగతి కింద చెప్తాను. కానీ ప్రమోటర్‌ని మార్చేస్తే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకంలో మాత్రం నాకు పస కనిపించదు. ఎందుకో తెలియాలంటే ఈ ఆటలో ఎవరి చేతిలో ఏముందో ముందు విడదీసి చూడాలి.

స్పీడ్‌వే చూడనివాళ్ళకోసం రెండు మాటలు. నలుగురు రైడర్లు, నాలుగు ల్యాపులు, కోడిగుడ్డు ఆకారంలో మట్టి ట్రాక్. 500 సీసీ బైకు, ఇంధనం మిథనాల్, ఒకే గేరు, బ్రేకులు అసలుండవు. మలుపులో వెనక చక్రాన్ని పక్కకి జార్చుతూ, మట్టి వెనక్కి చిమ్ముతూ తిరగాలి. ఒక హీట్, అంటే ఒక పందెం, నిమిషంలో అయిపోతుంది. మొదటివాడికి 3 పాయింట్లు, తర్వాతివాళ్ళకి 2, 1, చివరివాడికి సున్నా. లీగ్ మ్యాచ్‌లో ఇలాంటి హీట్లు 15.

స్టాండ్‌లో ఎవరి చేతిలో చూసినా ఒక ప్రోగ్రామ్ పుస్తకం, ఒక పెన్ను ఉంటాయి. అందులో ప్రతి హీట్‌కీ ఖాళీ గడులుంటాయి. ఎర్ర హెల్మెట్, నీలం హెల్మెట్ సొంత జట్టు. తెలుపు, పసుపు వచ్చిన జట్టు. హీట్ అయిన వెంటనే జనం తలవంచి ఆ గడుల్లో అంకెలు రాసుకుంటారు, మొత్తం కూడుకుంటారు, తలెత్తి తర్వాతి హీట్‌కి సిద్ధమవుతారు. రైడర్ మారితే పేరు కొట్టేసి కొత్త పేరు రాసుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ పుస్తకాలు దాచుకునేవాళ్ళు బోలెడుమంది. ఒక క్లబ్ చరిత్ర అధికారికంగా ఎక్కడుందో చెప్పడం కష్టం కానీ, ఆ ఊరి ఇళ్ళలో, ఆ పుస్తకాల్లో మాత్రం కచ్చితంగా ఉంది.

అయితే చట్టం దృష్టిలో ఆ అభిమానికి క్లబ్‌లో ఏ వాటా లేదు. సాధారణంగా స్టేడియం ఒకరిది. అందులో మ్యాచ్‌లు నిర్వహించే లైసెన్సు ప్రమోటర్‌ది. రైడర్లు ఎవరి ఉద్యోగులూ కారు. సొంత బైకులు కొనుక్కుని, సొంత మెకానిక్‌ని పెట్టుకుని, సాధించిన పాయింట్లకి డబ్బు తీసుకునే స్వతంత్రులు వాళ్ళు. కాకపోతే బ్రిటిష్ పద్ధతిలో రైడర్ రిజిస్ట్రేషన్ ఒక క్లబ్ ‘అసెట్’గా నమోదై ఉంటుంది. అతను ఇంకో క్లబ్బుకి ఆడాలంటే ఆ రెండో క్లబ్, రిజిస్ట్రేషన్ ఉన్న క్లబ్‌కి లోన్ ఫీజు కట్టాలి. అంటే ఊరి పేరు, జట్టు రంగులు, ఏళ్ళనాటి అభిమానం అన్నీ కలిసి ఒక క్లబ్ అనుకుంటాం గానీ, విప్పి చూస్తే ఒక అద్దె ఒప్పందం, ఒక లైసెన్సు, కొన్ని రిజిస్ట్రేషన్లు, అంతే.

మన ఊళ్ళలో సింగిల్ స్క్రీన్ థియేటర్ల సంగతి గుర్తు చేసుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. హాలు ఓనర్‌ది, లీజుకి తీసుకుని సినిమాలు ఆడించేది ఇంకొకరు, కటౌట్ కట్టి పాలాభిషేకం చేసేది అభిమానులు. ఆ స్థలంలో ఫంక్షన్ హాలు కడితే ఎక్కువ డబ్బొస్తుందని ఓనర్‌కి తోచిన రోజున, మిగతా ఇద్దరినీ అడిగేవారుండరు.

బ్రిటన్‌లో ఈ నేల చిక్కు ఆట పుట్టుకతోనే మొదలైంది. 1926లో మాంచెస్టర్ బెల్ వ్యూలో గ్రేహౌండ్ కుక్కల పందేలు మొదలయ్యాయి. 1928 ఫిబ్రవరి 19న లండన్ పక్కన హై బీచ్‌లో జరిగిన పోటీలతో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన స్పీడ్‌వే అక్కడ ఊపందుకుంది. కుక్కలు పరిగెత్తే గుండ్రటి ట్రాకు ఉన్నచోట లోపలివైపు మట్టి పోస్తే బైకులకీ సరిపోతుంది. అలా చాలా ఊళ్ళలో స్పీడ్‌వే కుక్కల స్టేడియాల్లో అద్దెకి దిగింది. 1961లో ఊళ్ళలో బెట్టింగ్ షాపులకి చట్టబద్ధంగా తలుపులు తెరిచాక పందెం కాయడానికి స్టేడియం దాకా రావాల్సిన పని లేకుండా పోయింది. కుక్కల పందేలకి జనం పలచబడ్డారు. నగరాల మధ్యలో ఉన్న ఆ స్థలాలకి మాత్రం ధరలు పెరుగుతూనే పోయాయి. ఇంటి యజమాని నష్టపోతుంటే అద్దెకున్నవాడికి నిద్ర ఎక్కడ పడుతుంది?

1983లో లెస్టర్‌లో బ్లాక్‌బర్డ్ రోడ్ స్టేడియం ఇళ్ళ కోసం అమ్ముడుపోయింది. ఆ ఊరికి మళ్ళీ ట్రాక్ రావడానికి 2011 దాకా పట్టింది. 1987లో బెల్ వ్యూ వాళ్ళ హైడ్ రోడ్ స్టేడియం వంతు. 1929 నుంచి ఆడుతున్న చోటు, కార్ల వేలం కంపెనీకి పోయింది. స్విండన్ రాబిన్స్ 1949 నుంచి బ్లన్స్‌డన్‌లో ఆడుతూ 2019లో పై డివిజన్ లీగ్ అయిన ప్రీమియర్‌షిప్ గెలిచారు. 2020లో కోవిడ్ వల్ల బ్రిటన్‌లో సీజనే జరగలేదు. ఆ తర్వాత స్టేడియం పునర్నిర్మాణం, చుట్టూ ఇళ్ళు అన్న ప్లాన్ల మధ్య నలిగి క్లబ్ మళ్ళీ తలుపు తెరవలేదు. గెలిచిన ట్రోఫీయే వాళ్ళ చివరి లీగ్ సీజన్ గుర్తు అయింది.

2023 అయితే గోరుచుట్టు మీద రోకటిపోటు. పీటర్‌బరో పాంథర్స్ 1970 నుంచి ఆడుతున్న షోగ్రౌండ్ స్థలాన్ని ఇళ్ళ నిర్మాణానికి కేటాయించే ప్రయత్నాలు ముందుకు పోయి, ఆ సీజన్‌తో అక్కడ ఆట ఆగింది. నలభై ఏళ్ళ ప్రాయంలో ఉన్న రైడర్లతో 2021లో లీగ్ గెలిచి అందరినీ ఆశ్చర్యపరిచిన క్లబ్ అది. అదే ఏడాది వుల్వర్‌హాంప్టన్ వుల్వ్స్ కూడా మన్‌మోర్ గ్రీన్ స్టేడియాన్ని వదలాల్సి వచ్చింది. ఇక్కడ ఎవరూ ఇళ్ళు కట్టలేదు. స్టేడియం లాడ్‌బ్రోక్స్ అనే బెట్టింగ్ సంస్థది, లీజు పొడిగించలేదు, అంతే. వాళ్ళ లెక్క అర్థం చేసుకోవడం కష్టం కాదు. స్పీడ్‌వే రాత్రి ఆదాయమంటే గేటు దగ్గర టికెట్టు కొన్నవాళ్ళ డబ్బు. అదే రాత్రి కుక్కలు పరిగెడితే దేశమంతా ఉన్న బెట్టింగ్ షాపుల్లో, ఫోన్లలో పందేలు కాస్తారు. స్టాండ్ ఖాళీగా ఉన్నా వాళ్ళకి లాభమే. ఈ పోటీలో ఎంత మంచి ప్రమోటర్ ఉన్నా ఏం చేయగలడు?

అందుకే ప్రమోటర్‌ని తిట్టేముందు అతని ఒక్క రాత్రి లెక్క చూడాలి. అద్దె, అంబులెన్సు, డాక్టరు, ఇన్సూరెన్సు, ట్రాక్ సిబ్బంది, రైడర్ల పాయింట్ల డబ్బు, వాళ్ళ ప్రయాణ ఖర్చులు. ఇందులో చాలావరకు గేటు తెరవకముందే ఖాయమైన ఖర్చు. సాయంత్రం ఆరింటికి వాన మొదలై ట్రాక్ బురదైతే మ్యాచ్ రద్దు. పైగా మంచి రైడర్లందరూ పోలండ్‌లో వారాంతం, స్వీడన్‌లో మంగళవారం ఆడతారు. కాబట్టి ప్రీమియర్‌షిప్ మ్యాచ్‌లు ఎక్కువగా సోమవారం, గురువారం పెట్టుకోవాల్సి వచ్చింది. మర్నాడు ఆఫీసూ, పిల్లలకి స్కూలూ ఉన్న రాత్రి కుటుంబంతో స్టేడియానికి ఎందరు వస్తారు? ఈ టెన్షన్ తట్టుకోలేక సీజన్ మధ్యలోనే చేతులెత్తేసిన క్లబ్బులున్నాయి: 2014లో బర్మింగ్‌హామ్, 2018లో రై హౌస్, 2022లో న్యూకాసిల్. వర్కింగ్టన్ కామెట్స్‌ది ఇంకా బాధాకరం. 2018లో తమ డివిజన్ లీగ్‌తో సహా మూడు ట్రోఫీలు గెలిచి, ఆ చలికాలంలోనే మూతపడ్డారు. గెలుపుకీ గేటు ఆదాయానికీ సంబంధం తెగిపోయిన ఆట ఇది.

ఇక అభిమానుల కోపంలోని న్యాయం. బ్రిటన్‌లో లీగ్‌ను నడిపేది బ్రిటిష్ స్పీడ్‌వే ప్రమోషన్స్ లిమిటెడ్. 1965 నాటి ప్రమోటర్ల సంఘానికి కొత్త పేరు అది. పేరులోనే ఉన్నట్టు, అది ప్రమోటర్ల సంస్థ. లైసెన్సులు, క్రమశిక్షణ చూడటానికి స్పీడ్‌వే కంట్రోల్ బ్యూరో వేరే ఉంది కానీ, లీగ్ ఎలా ఉండాలి, ఎన్ని జట్లుండాలి, జట్టు ఎలా కట్టాలి అన్నవి ప్రమోటర్లే కూర్చుని తేల్చుకుంటారు. ఆ నిర్ణయాలతో లాభపడేదీ నష్టపోయేదీ వాళ్ళ జట్లే. కింగ్స్ లిన్ క్లబ్ ప్రమోటర్ కీత్ చాప్‌మన్ కొన్నేళ్ళు ఆ సంఘానికి చైర్మన్‌గా ఉన్నారు, అదే లీగ్‌లో ఆడే పీటర్‌బరోనూ ఆయన నడిపారు. ఆయన చేతులు కలపకపోతే పీటర్‌బరో ఇంకా ముందే మూతపడేదనేవాళ్ళున్నారు, కావచ్చు. అయినా ఒకే లీగ్‌లో రెండు జట్లు ఒకరి చేతిలో ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య మ్యాచ్ చూసే అభిమాని మనసులో ప్రశ్న తలెత్తకుండా ఎలా ఉంటుంది? మనిషి నిజాయితీ మీద అనుమానం అక్కర్లేదు. ఏర్పాటే తప్పు.

అందరికంటే ఎక్కువ చిరాకు పెట్టే నిబంధన పాయింట్ల పరిమితి. ప్రతి రైడర్‌కీ ఒక సగటు ఉంటుంది. బోనస్‌తో కలిపి అతను సాధించిన పాయింట్లను నాలుగు రైడ్ల లెక్కన కట్టి తీస్తారు. కొత్త సీజన్ మొదట్లో జట్టులోని రైడర్ల సగటులన్నీ కలిపి ఒక పరిమితి దాటకూడదు. ఉద్దేశం మంచిదే, డబ్బున్న క్లబ్ స్టార్లందరినీ కొనేయకుండా ఆపడం. కానీ మీ జట్టు బాగా ఆడితే సగటులన్నీ పెరుగుతాయి, వచ్చే ఏడాదికి పరిమితి దాటుతాయి, జట్టుని మీ చేతులతో మీరే విరగ్గొట్టుకోవాలి. పిల్లాడు గోడమీద పోస్టర్ అంటించుకున్న రైడర్ వచ్చే ఏడాది ఎదుటి జట్టు రంగుల్లో వస్తాడు. పైగా ఎవరైనా గాయపడితే ఇంకో క్లబ్ రైడర్‌ని ఆ ఒక్క రాత్రికి గెస్ట్‌గా తెచ్చుకోవచ్చు. ప్రోగ్రామ్‌లో పేర్లు కొట్టేసి రాసుకోవడం అందుకే. ఆ పరిమితి అంకె ఎంతుండాలో చలికాలం సమావేశంలో ప్రమోటర్లు తేలుస్తారు, ఎవరి జట్టుకి ఏ అంకె నప్పుతుందో చూసుకుంటూ. 2010 చివర్లో కోవెంట్రీ, పీటర్‌బరో ఆ సమావేశంలోంచి లేచి బయటికొచ్చాయి. లీగ్ గెలిచిన జట్టే మరుసటి ఏడాది లీగ్‌లో ఉంటుందో లేదో తెలియని పరిస్థితి కొత్త ఏడాది దాకా నడిచింది.

మైదానంలో గెలిచి పై డివిజన్‌కి ఎక్కడం, ఓడి కిందికి దిగడం కూడా ఇక్కడ అరుదు. 2018లో ప్రీమియర్‌షిప్ గెలిచిన పూల్ పైరేట్స్, ఖర్చులు లెక్క వేసుకుని 2020 సీజన్‌కి తామే రెండో డివిజన్‌కి మారారు. వ్యాపారంగా చూస్తే తెలివైన పని, ఆ క్లబ్ నిలదొక్కుకుంది కూడా. కానీ ఏ డివిజన్‌లో ఆడాలన్నది ఆఫీసులో తేలే విషయమైతే పాయింట్ల పట్టికకి విలువేముంది అని అభిమాని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

పేరు విషయంలోనూ అంతే. 2006లో రెడింగ్ క్లబ్‌ని, అప్పట్లో స్పీడ్‌వే ప్రపంచ గ్రాండ్ ప్రీ సిరీస్ నడిపిన బీఎస్ఐ అనే కంపెనీ కొనుక్కుంది. వస్తూనే రేసర్స్ అన్న పేరు తీసేసి బుల్‌డాగ్స్ అని పెట్టింది. అభిమానులు ఒప్పుకోలేదు, అయినా అడిగిందెవరు? రెండేళ్ళు తిరిగేసరికి యాజమాన్యం చేతులు మారింది, 2008లో పాత పేరు తిరిగొచ్చింది. అదే ఏడాది స్మాల్‌మీడ్ స్టేడియం మూతపడింది. డబ్బూ అనుభవమూ ఉన్న యజమాని వస్తే కష్టాలు తీరుతాయనుకునేవాళ్ళు రెడింగ్ కథ ఒకసారి చదవాలి.

అభిమానుల చేతిలో అసలేమీ లేదా అంటే, కొంత ఉంది, అది క్లబ్ దగ్గర లేదు, ఏ స్థలంలో ఏం కట్టవచ్చో తేల్చే ప్రణాళికా చట్టంలో ఉంది. ఇంగ్లండ్ జాతీయ ప్రణాళికా విధానం ప్రకారం, వాడుకలో ఉన్న క్రీడాస్థలం మీద కట్టడాలు రావాలంటే ఆ స్థలం అవసరం లేదని రుజువు చేయాలి, లేదా అంతకి తగ్గని మరో చోటు చూపించాలి, లేదా పోయే నష్టాన్ని మించి మేలు చేసే వేరే క్రీడా సౌకర్యం అక్కడ రావాలి. కోవెంట్రీ అభిమానులు పట్టుకున్నది ఈ కొసనే. బ్రాండన్‌లో వందకు పైగా ఇళ్ళు, ఒక కృత్రిమ గడ్డి ఫుట్‌బాల్ మైదానం అన్న దరఖాస్తుని వాళ్ళు ఏళ్ళ తరబడి, పేజీ పేజీకీ జవాబు రాస్తూ ఎదుర్కొన్నారు. 2022 నవంబర్‌లో, ఆ స్థలం ఏ ఊరి పరిధిలో ఉందో ఆ రగ్బీ బరో కౌన్సిల్ దాన్ని తిరస్కరించింది. కంపెనీ అప్పీలుకి వెళ్ళినా నెగ్గలేదు. మామూలు మనుషులు ఉద్యోగాలు చేసుకుంటూ, లాయర్లను పెట్టుకోగల కంపెనీ మీద సాధించిన ఫలితమది. వాళ్ళంటే నాకు చాలా గౌరవం. ఈలోగా ఆ స్టేడియం నిప్పంటుకుని, దోపిడీకి గురై పాడుబడింది. ఇళ్ళు కట్టొద్దని చెప్పే అధికారం కౌన్సిల్‌కి ఉంది గానీ, గేటు తెరిచి బైకులు తిరగనివ్వమని యజమానికి చెప్పే అధికారం ఎవరికీ లేదు. 2011 నాటి లోకలిజం చట్టం కింద ఒక స్థలాన్ని ‘ప్రజలకి విలువైన ఆస్తి’గా నమోదు చేయించవచ్చు. అప్పుడు యజమాని అమ్మదలిస్తే స్థానికులకి ఆరు నెలల వ్యవధి దొరుకుతుంది. వాళ్ళకే అమ్మాలని లేదు, ఆరు నెలల్లో కోట్లు ఎక్కడినుంచి తెస్తారన్న ప్రశ్న ఎటూ ఉంది.

ఫుట్‌బాల్‌లో పరిస్థితి మారుతోంది. 2025లో వచ్చిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం కింద ఇంగ్లండ్‌లో మొదటి ఐదు స్థాయిల పురుషుల క్లబ్బుల మీద స్వతంత్ర నియంత్రణ సంస్థ వచ్చింది. దాని అనుమతి లేకుండా సొంత స్టేడియం అమ్మడానికి లేదు, జట్టు గుర్తు, రంగుల విషయంలో అభిమానుల మాట వినాలి. స్పీడ్‌వేకి ఇది వర్తించదు. లండన్‌లో ప్లౌ లేన్‌కి వెళ్తే ఈ తేడా కళ్ళకి కడుతుంది. వింబుల్డన్ డాన్స్ స్పీడ్‌వే జట్టు ఆడిన కుక్కల స్టేడియం అక్కడ ఉండేది. స్టేడియం యజమానులతో అద్దె కుదరక 2005లో స్పీడ్‌వే ఆగిపోయింది. ఇప్పుడు అదే చోట 2020లో తెరిచిన ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. తమ పాత క్లబ్‌ని యజమానులు వేరే ఊరికి తరలించుకుపోతే, 2002లో అభిమానులే కలిసి పెట్టుకున్న క్లబ్ అది. అభిమానుల యాజమాన్యం పగటికల అనేవాళ్ళకి అది చక్కటి జవాబు. అయితే వాళ్ళ వెనక ఉన్న జనసంఖ్య ఈ రోజు ఏ బ్రిటిష్ స్పీడ్‌వే క్లబ్‌కీ లేదన్నదీ నిజమే.

పోలండ్‌ని చూసి నేర్చుకోమని అందరూ అంటారు. అక్కడ స్పీడ్‌వే అంటే పండగ. స్టేడియాలు ఎక్కువగా నగరాలవే. 2009లో టొరున్ నగరం కట్టించిన మోటోఅరీనా చూస్తే ఎవరికైనా అసూయ పుడుతుంది. నేల భయం లేనప్పుడు ఆట ఎంత ఎదుగుతుందో అక్కడ తెలుస్తుంది. కానీ అక్కడి జబ్బు వేరు. స్టార్ రైడర్ల కోసం క్లబ్బులు తాహతుకి మించి ఖర్చు పెడతాయి. స్టాల్ గోర్జూవ్ లాంటి పేరుమోసిన క్లబ్బే 2024 చివర్లో అప్పుల్లో కూరుకుపోయి లైసెన్సు కోసం నానా తంటాలు పడింది. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. ఆ లెక్కలు లైసెన్సు సమయంలో బయటికొచ్చాయి, ఊరంతా చర్చించింది. స్వీడన్‌లో క్లబ్బులు సభ్యుల సంఘాలు, వార్షిక సమావేశంలో మనిషికో ఓటు. ఆర్థిక కష్టాలు వాళ్ళకీ తప్పవు, కాకపోతే కష్టం వచ్చిందన్న సంగతి సభ్యులకి ముందే తెలుస్తుంది.

బ్రిటిష్ అభిమానులకి ముందుగా దక్కాల్సింది ఆ ముందే తెలిసే హక్కు అని నేననుకుంటాను. ప్రమోటర్‌కి లైసెన్సు ఇచ్చేటప్పుడే స్టేడియం ఎవరిది, లీజు ఏ ఏడాదిలో ముగుస్తుంది, క్లబ్ పేరు ఎవరి పేరున ఉంది అన్నవి బయటపెట్టమని షరతు పెట్టడానికి పార్లమెంటు చట్టం అక్కర్లేదు. కంట్రోల్ బ్యూరో తల్చుకుంటే చాలు. పాయింట్ల పరిమితి లాంటివి తేల్చే బల్ల దగ్గర ఏ క్లబ్‌తోనూ సంబంధం లేనివాళ్ళు కొందరు కూర్చోవాలి. కౌన్సిళ్ళని అడగాల్సింది వేరే: స్పీడ్‌వేకి డబ్బివ్వమని కాదు, నేలని తమ పేరున ఉంచుకోమని.

ఆక్స్‌ఫర్డ్ ఇప్పుడు గమనించాల్సిన ఊరు. 2007లో స్పీడ్‌వే, 2012లో స్టేడియం మొత్తం మూతపడ్డాక అక్కడ ఇళ్ళు రావడం ఖాయమనుకున్నారు. స్థానికులు పట్టు వదల్లేదు, నగర కౌన్సిల్ ఆ స్థలాన్ని పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది, 2022లో ఆక్స్‌ఫర్డ్ జట్టు చీటాస్ మళ్ళీ ట్రాక్ మీదకొచ్చారు. అందరూ సంబరపడ్డారు, పడాల్సిందే. అయితే ఆ స్టేడియం లీజుకిచ్చింది గాలియర్డ్ హోమ్స్, ఇళ్ళు కట్టే కంపెనీ. లీజు గడువు దగ్గరపడ్డాక ఉద్యమం మొదలుపెడితే ఆలస్యమవుతుంది. అంతదాకా ఆగకుండా కౌన్సిల్‌నీ, ప్రమోటర్‌నీ, స్థలం యజమానినీ ఒకచోట కూర్చోబెట్టి తర్వాత ఏమిటని అక్కడి అభిమానులు అడగాలి.